ఎనిమిదిన్నర డ్రిల్లు

అక్టోబరు 24, శుక్రవారం

నిన్న ఫైటర్ క్రాంతికుమార్ పడ్డాడు. ఫిల్మ్‌నగర్లో వేసిన సెట్లో, పద్దెనిమిది అడుగుల ఎత్తు నుంచి. ప్రాణానికి ఫర్వాలేదన్నారట. వెన్నెముక దెబ్బతింది. కాళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారట.

తాడు మీద ఎగిరే ఫైటు. తాడు పైన ఒక కొక్కెం బోల్టుకి వేలాడుతుంది. ఆ బోల్టు ఒక అల్యూమినియం ప్లేటులో బిగించి ఉంటుంది. మనిషి బరువంతా ఆ ప్లేటుకి వేసిన మరల మీదే. నిన్న తాడు తెగలేదు, ప్లేటు విరగలేదు. బోల్టే ప్లేటులోంచి ఊడి వచ్చేసింది.

ప్లేటు నేను చేసిందే. పోయిన వారం నాలుగు చేసి ఇచ్చాను. పొద్దున్న వచ్చి మధ్యాహ్నం రెండింటికల్లా కావాలన్నారు. ఈ సినిమావాళ్లకి ఏదైనా నిన్ననే కావాలి.

రాసి పెట్టుకుంటున్నాను. పది మిల్లీమీటర్ల బోల్టు, ఎనిమిదిన్నర డ్రిల్లు. సరిగ్గానే తొలిచాను.

ఈ డైరీ బేరింగుల షాపువాళ్లు సంక్రాంతికి ఇచ్చింది. పది నెలలుగా సొరుగులో ఖాళీగా పడి ఉంది. ఇవాళ తీశాను. ఎవరూ చదవడానికి కాదు, మా ఆవిడ రాజ్యలక్ష్మి కూడా.

అక్టోబరు 25, శనివారం

ఎనిమిదిన్నరే.

అక్టోబరు 26, ఆదివారం

షాపు మూసి ఉన్నా వెళ్లి కూచున్నాను. యూసుఫ్‌గూడలో ఆదివారం కూడా మా సందు ఊరుకోదు. పది దాటాక జంగయ్య వచ్చాడు. ఫైట్ మాస్టర్ రాఘవేంద్రగారి దగ్గర ఇరవై రెండేళ్లుగా తాళ్లు కట్టేది ఇతనే. గురువారం ఆ బోల్టుని ప్లేటులో బిగించింది కూడా ఇతనే. చేతిరుమాల్లో చుట్టి బోల్టు తెచ్చాడు.

“రావు సారూ, జర మంచిగ జూడుండ్రి. నేను ఎన్ని చుట్లు తిప్పిన్నో గిది జూస్తె ఎరుకైతదా?”

“ఎన్ని తిప్పావో నీకు గుర్తులేదా?”

“ఎనిమిది తిప్పాలె. మీరే జెప్పిండ్రు గద, ఎనిమిది చుట్లు చేతితోటి, ఆ మీద స్పానర్ తోటి. రోజూ గట్లనే తిప్పుత. మొన్న గూడ తిప్పిననే అనుకుంటున్న. గని మాస్టరు అడిగితె యాదికి వస్తలేదు. ఆ పిలగాడు పడ్డంక తలకాయల ఏం మిగిలింది సారూ?”

అతని కుడిచేతి వేళ్లు ఒడిలో తిరుగుతూనే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. మళ్లీ ఒకటి దగ్గర మొదలు.

బోల్టు చూశాను. చెప్పలేం అన్నాను. బోల్టు మరల్లో చెత్త ఉంటే శుభ్రం చేసి ఇచ్చాను. రుమాల్లో మళ్లీ జాగ్రత్తగా చుట్టుకుని వెళ్లిపోయాడు.

అక్టోబరు 27, సోమవారం

మాస్టర్ ఆఫీసుకి రమ్మంటే వెళ్లాను. యూనియన్ పెద్ద ఒకాయన కూడా ఉన్నాడు. బల్ల మీద ప్లేటు. కొత్త సామాను ఏది వచ్చినా మొదటి షాటుకి ముందు పసుపూ కుంకుమా పెట్టి నిమ్మకాయ తిప్పుతారు కదా, ఆ కుంకుమ కన్నం లోపలికి కూడా పోయి అంటుకుని ఉంది. లోపల ఎంత మర మిగిలిందో పైకి చూస్తే ఏమీ తెలియదు. నేను ముట్టుకోలేదు.

“రావుగారూ, మరల సంగతి మీకంటే తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. మీరు చెప్పండి. బోల్టు పూర్తిగా దిగకపోతే ఇలా ఊడిపోతుందా?” అన్నారు మాస్టర్.

“సగమే దిగితే ఇలాగే ఊడుతుందండి” అన్నాను.

ఇందులో అబద్ధమేముంది? ఏ వర్క్‌షాపులో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. ఆయన అడిగిన దానికి జవాబు చెప్పాను, అంతే.

జంగయ్య తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. విచారణ పూర్తయ్యేదాకా సెట్లోకి అడుగు పెట్టొద్దన్నారు. యూనియన్ కార్డు తీసి ఇమ్మన్నారు. ఇచ్చాడు. నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు.

అక్టోబరు 29, బుధవారం

లెక్క ఎవరు చేసినా ఒకటే. బోల్టు బయటి కొలత పది. ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం ఒకటిన్నర. పదిలోంచి ఒకటిన్నర తీసేస్తే ఎనిమిదిన్నర. ఆ సైజు డ్రిల్లుతో కన్నం తొలిచి, అందులోకి టాప్ దింపాలి. టాప్ కన్నం గోడని కోసుకుంటూ మరలు వేస్తుంది. కన్నం చిన్నదైతే టాప్ ఇరుక్కుని విరుగుతుంది. పెద్దదైతే కోయడానికి గోడ మిగలదు. బోల్టు మరా ప్లేటు మరా కొసలతో తాకుతాయంతే. చేత్తో తిప్పితే బిగుసుకున్నట్టే ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ లెక్క అల్మారా తలుపు మీద పెయింటుతో రాసి ఉంది. నేను రాసిందే. తణుకు నుంచి వచ్చి షాపు పెట్టిన వారం రాశాను.

అసలు రెండో తాడు ఏమైంది? ఒకటి జారితే పట్టుకోవడానికి ఇంకోటి ఉండాలి కదా. కెమెరాలో కనిపిస్తోందని తీసేయించారట. అది ఎవరూ అడగరేం? రెండు ఇసుక బస్తాలు వేలాడదీసి చూశారు, ఆగింది. ఇసుక బస్తా గాల్లోంచి దూకదని ఎవరూ అనుకోలేదు.

అక్టోబరు 31, శుక్రవారం

“ఏంటండీ, ఆవకాయ సీసా మూత ఇంకెన్నిసార్లు తిప్పుతారు? అన్నం చల్లారిపోతోంది” అంది రాజ్యలక్ష్మి.

ఆ మూత రెండున్నర చుట్లు. గ్యాస్ రెగ్యులేటరు, బాత్రూమ్ కుళాయి, ఫ్యాను కొక్కెం, అన్నీ చూశాను. ఫ్యాను కింద కూచోలేకపోతున్నాను. మధురానగర్ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఆ ఫ్యాను కిందే పడుకుంటున్నాం. మంచం జరిపాను. ఎందుకు జరిపారని అడిగితే ఎండ పడుతోందన్నాను.

నవంబరు 1, శనివారం

తొమ్మిది.

ఎనిమిదిన్నర కాదు, తొమ్మిది డ్రిల్లు వాడాను. నా డైరీలో నేనే ఎవరికి భయపడి ఎనిమిదిన్నర అని రాసుకున్నానో తెలియదు.

ఆ రోజు పది సైజు టాప్ ఒక్కటే మిగిలింది. దానికీ ఒక పన్ను అంచు పోయింది. అల్యూమినియం మెత్తటిది, టాప్‌ని పట్టేసుకుంటుంది. కన్నంలో టాప్ విరిగిందంటే ప్లేటు చెత్తబుట్టకే. అందుకని అర మిల్లీమీటరు పెద్ద డ్రిల్లు వేశాను. ఇది నా ఒక్కడి పద్ధతి కాదు, అందరూ చేస్తారు. ముప్పై ఏళ్లుగా లైట్ స్టాండ్ల నాబ్‌లకీ, కెమెరా ట్రాలీ చేతిపిడులకీ ఇలాగే చేశాను. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు.

తొమ్మిదితో వేసిన మర మనిషిని ఆపుతుంది. ఇది ధైర్యంగా ఎవరి ముందైనా చెబుతాను. తొమ్మిదితో మనిషి పడడు. అంటే జంగయ్య సగమే తిప్పి ఉండాలి.

నవంబరు 3, సోమవారం

ఆసుపత్రికి వెళ్లాను. క్రాంతికి ఇరవై ఏడేళ్లు. మొదటి సినిమాకి ఎగిరినప్పుడు నా షాపుకే వచ్చి, నడుముకి కట్టే బెల్టు బకిల్ బాగుచేయించుకున్నాడు. భార్య హిమజ పక్కన కూచుని బత్తాయి వలుస్తోంది. నన్ను చూసి నవ్వాడు.

“రావన్నా, నువ్వెందుకు పరేషాన్ అయితవ్? చూడు, మొకం ఎట్ల గుంజుకపోయిందో నీది.”

సెలైన్ స్టాండు నాబ్ పట్టుకుని నిలబడ్డాను. వదులుగా ఉంది.

“జంగన్న నిన్న వచ్చిండన్నా. ‘నాలుగే తిప్పిన బిడ్డా, మాఫ్ చెయ్యి’ అని నా కాళ్లు పట్టుకొని ఏడ్చిండు. కాళ్లు పట్టుకున్న సంగతి నాకు తెల్వనే లేదు. హిమజ ‘వద్దు పెద్దనాయినా, లే’ అంటె గప్పుడు జూసిన.”

బత్తాయి తొనలు నా చేతిలో కూడా పెట్టింది హిమజ. తిన్నాను.

నవంబరు 4, మంగళవారం

నాలుగు కాదు.

నవంబరు 5, బుధవారం

ఇవాళ కార్తీక పున్నమి. రాజ్యలక్ష్మి గుడికెళ్లింది. ఇల్లు ఖాళీ. రాసేస్తాను.

మెత్తటి లోహంలోంచి బోల్టు ఊడి వస్తే, తెగిన మర బోల్టుకే చుట్టుకుని వస్తుంది, సన్నటి స్ప్రింగులాగా. ఆ ఆదివారం జంగయ్య రుమాలు విప్పగానే చూశాను. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఎనిమిది చుట్లు. వేలి గోటితో లెక్కపెట్టాను. నాలుగే తిప్పి ఉంటే నాలుగే ఉండేవి. అతను అడిగినదానికి జవాబు బోల్టు మీదే ఉంది. అతను నాకు ఎదురుగా, మూడడుగుల దూరంలో స్టూలు మీద కూచుని నా ముఖం చూస్తున్నాడు. నేను పట్టకారు తీసుకుని ఆ చుట్టంతా ఊడదీసేశాను. “మురికి” అన్నాను. “మంచిది సారూ” అన్నాడు.

దాన్ని ఇనప రజను డబ్బాలో పడేశాను. సోమవారం డబ్బా అంతా కుమ్మరించి వెతికి మళ్లీ తీశాను. ఎందుకు తీశానో చెప్పలేను. మంగళవారం మళ్లీ పడేశాను.

ఇంకోటి. తొమ్మిది కూడా కాదు.

ఆ తొమ్మిది డ్రిల్లు మొద్దుబారితే గ్రైండర్ మీద నేనే సాన పట్టాను. తొందరలో ఒక అంచు పొడవైంది. అలాంటి డ్రిల్లు కన్నాన్ని తన సైజు కంటే పెద్దగా తొలుస్తుంది. మొదటి ప్లేటు కన్నంలో వెర్నియర్ పెట్టి కొలిచాను. తొమ్మిది పాయింట్ నాలుగు. పదికి ఇంకెంత మిగిలింది? అటూ ఇటూ కలిపి గోరంత. టాప్ బరువే లేకుండా దిగిపోయింది. చేతికి అప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్ల చెయ్యి, దానికి తెలియకపోవడం ఉండదు.

కన్నాన్ని ఇంకా పెద్దది చేసి పన్నెండు సైజు మర వేస్తే సరిపోయేది. కానీ వాళ్ల దగ్గర ఉన్నవన్నీ పది సైజు బోల్టులే. రెండు గంటలకల్లా కావాలన్నారు. మిగిలిన మూడూ కొలవలేదు. కొలవకపోతే తెలియదు కదా అనుకున్నాను. వెర్నియర్ డబ్బాలో పెట్టి మూత వేసిన సంగతి కూడా గుర్తుంది.

నవంబరు 6, గురువారం

మిగిలిన మూడూ.

నిన్న అంత రాసుకున్నాక గాని ఈ మాట తట్టలేదు. మిగిలిన మూడు ప్లేట్లూ ఎక్కడో మనుషుల్ని మోస్తున్నాయి.

నవంబరు 7, శుక్రవారం

మాస్టర్‌కి ఫోన్ చేశాను. ప్లేట్ల అంచులు కాస్త పదునుగా ఉన్నాయి, తాడుకి మంచిది కాదు, ఇస్తే రుద్ది పంపిస్తానన్నాను. “ఇంత జాగ్రత్త ఎవరికుంటుందండీ” అన్నారు. సాయంత్రానికి రెండు పంపించారు. కొలిచాను. రెండూ తొమ్మిది పాయింట్ నాలుగే. రంపంతో ముక్కలు కోసేశాను.

మూడోది ఇంకో యూనిట్‌తో ఉందట. వచ్చే బుధవారం జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగ్, ఆ సామానుతోనే నేరుగా అక్కడికి వస్తుందట.

నవంబరు 10, సోమవారం

కొత్త ఎనిమిదిన్నర డ్రిల్లు, కొత్త టాప్, మంచి ప్లేటు. తాపీగా తొలిచాను. పావు చుట్టు ముందుకి, కాస్త వెనక్కి, నూనె, మళ్లీ ముందుకి. టాప్ చేతిని ఎదిరిస్తూ దిగింది. అలాగే దిగాలి.

బుధవారం వెళ్లి ఇది ఇచ్చి అది తెచ్చేసుకుంటాను. అంతటితో పీడ పోతుంది. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. జంగయ్య కార్డు గురించి తర్వాత మాస్టర్‌తో నేనే ఒక మాట చెబుతాను. ముసలివాడు, వదిలేయండి అంటాను. నా మాట తీసెయ్యరు.

నవంబరు 12, బుధవారం

తొమ్మిదింటికి వెళ్లాలనుకున్నాను. చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్. పదీ నలభై అయింది.

బంగళా హాల్లో, పై అంతస్తు కప్పుకి కట్టిన ఇనప దూలానికి నా ప్లేటు ఉంది. దాని కింద మనోజ్ఞ వేలాడుతోంది. హీరోయిన్‌కి బదులు ఎగిరే అమ్మాయి. పచ్చ లంగా ఓణీ, కింద గళ్ల చలవరాయి. పక్కన రెండో తాడు లేదు.

అరవాలి. కానీ ఇప్పుడు అరిస్తే తాడు పట్టినవాళ్లు బెదిరి కుదుపుతారు, ఈ షాట్ అయ్యాక చెబుదామనుకున్నాను. అమ్మాయి ఈ గోడ నుంచి ఆ గోడకి ఎగిరింది. ప్లేటు ఆగింది. దింపారు. నీళ్లు తాగింది. అప్పుడు చెప్పాలి కదా? చెప్పలేదు. సంచిలో కొత్త ప్లేటు పట్టుకుని, భోజనాల వేళ అడిగి మార్చేద్దాంలే అనుకుంటూ నిలబడ్డాను. మళ్లీ పైకి లాగారు. మళ్లీ ఎగిరింది. ప్లేటు తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. అందులో బోల్టు ఒక వెంట్రుకవాసి ఒరిగినట్టు అనిపించింది. నిజంగా ఒరిగిందో లేదో ఇప్పటికీ తెలియదు.

మూడో టేక్‌కి ముందు, జంగయ్య బదులు వచ్చిన కొత్త మనిషి నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చంటి అంటారట. నేనెవరో ఎవరో చెప్పినట్టున్నారు.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. నేను జంగయ్య లెక్క గాదు. లెక్కబెట్టి తిప్పిన, ఎనిమిది” అన్నాడు, ఎంతో గర్వంగా.

అప్పుడు అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. “ఆ పిల్లని పైకి లాగొద్దు, ఆ ప్లేటు నేను తప్పుగా తొలిచాను” అన్నానట. అందరి ముందూ, మాస్టర్ ముందూ. చంటి నిచ్చెనెక్కి బోల్టుని చేత్తో పట్టి ఊపాడు. కింద నిలబడ్డ మాకు కూడా కనిపించేలా ఊగింది. మనోజ్ఞ మెట్ల మీద కూలబడి వాళ్లమ్మకి ఫోన్ చేసింది.

మాస్టర్ నన్ను తిట్టలేదు. “మరి జంగయ్యకి ఎవరు చెబుతారండీ?” అన్నారు.

“నేనే” అన్నాను.

నవంబరు 13, గురువారం

బోరబండ స్టేషన్ దాటి గుట్ట ఎక్కితే జంగయ్య ఇల్లు. గడపలో కూచుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, సగమైపోయాడు. నన్ను చూసి లేవబోయాడు. కూచోమన్నాను. పక్కనే కూచున్నాను.

“జంగయ్యా, నువ్వు ఎనిమిదీ తిప్పావు. కన్నం పెద్దదైంది. తప్పు నాది. బోల్టు మీద ఎనిమిది చుట్లూ ఉన్నాయి, నేను చూశాను” అన్నాను.

అర్థం కానట్టు చూశాడు. మళ్లీ చెప్పాను.

“ఎనిమిదా?”

“ఎనిమిది.”

“బరాబర్ తిప్పిన్నా సారూ?”

“బరాబర్ తిప్పావు.”

నా చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. కొడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను, చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. వాటన్నిటికీ సిద్ధపడే వచ్చాను. అతను ఏడుస్తూ నవ్వాడు.

“నీలా! ఓ నీలా! జల్ది రాయే! సారొచ్చిండు. నేను బరాబరే తిప్పినంట! నా చేతుల తప్పు లేదంట! క్రాంతిగాన్ని నేను పడెయ్యలేదే!” అని లోపలికి కేకేశాడు. నా వైపు తిరిగి, “దేవునోలె వచ్చిండ్రు సారూ. ఇంక నేను బతుకుత” అన్నాడు.

భార్య నీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు అతన్నే చూసింది. “ఇరవై దినాలాయె సారూ, ముద్ద ముడ్తలేడు. నిద్రల గూడ వేళ్లు తిప్పుతనే ఉంటడు. మీ కాళ్లకు మొక్కుత, కూసోండ్రి, చాయ్ వెడ్త” అని లోపలికి నడిచింది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది.

“బోల్టు మీద ఎనిమిది జూసిన అంటిరి గద. ఎప్పుడు జూసిండ్రు సారూ?”

మొన్న చూశాననొచ్చు. నిన్న బంగళాలోనే తెలిసిందనొచ్చు. వాళ్లు నమ్ముతారు. మాస్టర్ కూడా నమ్ముతారు. జంగయ్య ఇంకా కళ్లు తుడుచుకుంటూ, “ఎప్పుడైతేందే, జెప్పిండు గద సారు” అంటున్నాడు.

“మీ ఆయన రుమాల్లో చుట్టి నా దగ్గరికి తెచ్చాడే, ఆ ఆదివారమే” అన్నాను.

నీలమ్మ లోపలికి వెళ్లలేదు. జంగయ్య చేతులు నా చేతి చుట్టూ అలాగే ఉన్నాయి కాసేపు. తర్వాత ఒక చెయ్యి తీశాడు. తర్వాత రెండోదీ తీసి తన మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“గప్పుడు నేను నీ ముంగటనే కూసున్న గద సారూ” అన్నాడు.